ఊళ్లో బెల్టు షాపు: చట్టం ఎక్కడిదాకా వస్తుంది, అమలు ఎక్కడ ఆగిపోతుంది

మీ ఊరికి వైన్స్ లేదని, అయినా రెండు కిరాణా కొట్లలోనూ బస్సులు ఆగే చోట ఉన్న హోటల్లోనూ తెల్లవారగానే క్వార్టర్ సీసాలు దొరుకుతున్నాయని, ఎక్సైజ్ సిబ్బంది వచ్చి ఒక ముసలమ్మ మీద కేసు కట్టి వెళ్లిన మర్నాడే అమ్మకం మళ్లీ మొదలైందని మహిళా సంఘం తరఫున రాశారు. ఇది నేరమా కాదా, నేరమైతే ఎందుకు ఆగడం లేదు, మేము చేయగలిగింది ఏమైనా ఉందా అన్నవి మీ మూడు ప్రశ్నలు. చిన్న ఊరి కోర్టులో ఎక్సైజ్ కేసులు చాలాకాలంగా వాదిస్తున్న న్యాయవాదిగా, అమ్మిన వారి తరఫునా, అమ్మకం ఆపమని పోరాడిన మహిళల తరఫునా నిలబడిన అనుభవంతో జవాబు రాస్తున్నాను. మీరు తెలంగాణలో ఉన్నారు కనుక ముఖ్యంగా అక్కడి సంగతి చెబుతాను. ఆంధ్రప్రదేశ్ సంగతి అవసరమైన చోట ప్రస్తావిస్తాను.

మొదటి ప్రశ్నకు జవాబు సూటిగానే ఉంది. అది నేరం, అందులో సందేహానికి తావు లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితా ప్రకారం మద్యం తయారీ, నిల్వ, రవాణా, కొనుగోలు, అమ్మకం రాష్ట్రాల పరిధిలోని విషయాలు; వాటి మీద ఎక్సైజ్ సుంకం వేసే అధికారమూ రాష్ట్రాలదే. ఉమ్మడి రాష్ట్రంలో 1968లో వచ్చిన ఎక్సైజ్ చట్టాన్నే విభజన తర్వాత తెలంగాణ తన చట్టంగా అన్వయించుకుంది. లైసెన్సు లేకుండా మద్యం అమ్మినా, పరిమితికి మించి దగ్గర ఉంచుకున్నా, రవాణా చేసినా ఆ చట్టంలోని 34వ సెక్షన్ కింద శిక్షార్హులవుతారు. మీరు పత్రికల్లో తరచుగా చూసే 34(ఎ) కేసులు ఇవే. చిల్లర అమ్మకానికి ఇచ్చే లైసెన్సును ఏ4 అంటారు. ఆ లైసెన్సు ఒక గుర్తించిన భవనానికి మాత్రమే వర్తిస్తుంది. దాని గడప దాటి ఇంకో ఊళ్లో, ఇంకొకరి చేత అమ్మించడానికి అందులో చోటు లేదు. ఇరవై ఒక్క సంవత్సరాలు నిండని వారికి అమ్మకూడదు, సీసా మీద ముద్రించిన ఎమ్మార్పీని మించి ఒక్క రూపాయి తీసుకోకూడదు, నిర్ణీత వేళలు దాటి తెరవకూడదు. బెల్టు షాపు ఈ నియమాలన్నిటినీ ఒకేసారి ఉల్లంఘిస్తుంది. దానికి లైసెన్సు లేదు, వేళలు లేవు, వయసు అడిగేవారు లేరు, ధర ఎమ్మార్పీ కంటే ఎప్పుడూ ఎక్కువే. పైగా మద్యం వ్యాపారం ఎవరికీ ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో స్పష్టంగా చెప్పింది కనుక, జీవనోపాధి అన్న వాదన కూడా కోర్టులో నిలబడదు.

అంటే చట్టంలో లోటు లేదు. కొత్త చట్టం తెస్తే సమస్య తీరుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

బడికి, గుడికి దగ్గరగా అమ్ముతున్నారని కూడా మీరు రాశారు. ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. విద్యాసంస్థలకు, ప్రార్థనా స్థలాలకు, ఆసుపత్రులకు వంద మీటర్ల లోపు దుకాణం ఉండకూడదన్న నిబంధన లైసెన్సు ఉన్న దుకాణాలకు సంబంధించింది. ఆ వంద మీటర్లను గీత గీసినట్లు కొలవరు. దుకాణం ప్రవేశ ద్వారం నుంచి ఆ సంస్థ గేటు దాకా మనిషి మామూలుగా నడిచి వెళ్లే దారి వెంట కొలుస్తారు. నిర్వచనాలు కూడా ఇరుకైనవే. గుడి అంటే దేవాదాయ శాఖలో నమోదైనది, మసీదు అంటే వక్ఫ్ బోర్డులో నమోదైనది, ప్రైవేటు ఆసుపత్రి అంటే కనీసం 30 పడకలు ఉన్నది. ఊరి పొలిమేరలోని పోచమ్మ గుడి పక్కనే వైన్స్ వచ్చినప్పుడు జనం అభ్యంతరం చెబితే అధికారులు తోసిపుచ్చగలిగేది ఈ నిర్వచనాల వల్లనే. లైసెన్సు లేని అమ్మకానికి మాత్రం ఈ కొలతలతో పనే లేదు. అది బడి పక్కన ఉన్నా, ఊరికి మైలు దూరంలో ఉన్నా నేరమే. కాబట్టి మీ ఫిర్యాదులో దూరం గురించి వాదించవద్దు. దూరం ప్రస్తావించగానే ఫైలు కొలతల వైపు మళ్లిపోతుంది, అసలు నేరం పక్కకు పోతుంది.

కొలతల మీద ఆధారపడిన చట్టాన్ని ఎలా దాటవచ్చో చెప్పడానికి జాతీయ రహదారుల తీర్పు మంచి ఉదాహరణ. జాతీయ, రాష్ట్ర రహదారుల అంచు నుంచి 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండరాదని సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న తీర్పు ఇచ్చింది. అమలు మొదలు కావడానికి ముందురోజు, 2017 మార్చి 31న, 20 వేల లోపు జనాభా ఉన్న స్థానిక సంస్థల పరిధిలో ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. ఈలోగా పలు రాష్ట్రాలు తమ రహదారుల హోదానే మార్చి, రాష్ట్ర రహదారిని జిల్లా రోడ్డుగా ప్రకటించుకున్నాయి. రోడ్డు అదే, దుకాణం అదే, కాగితం మీద పేరు మాత్రం మారింది. అదే ఏడాది జులైలో పురపాలక ప్రాంతాలకు ఆ తీర్పు వర్తించదన్న వివరణ వచ్చింది. తాగి వాహనం నడిపి చనిపోయేవారిని తగ్గించాలన్న ఉద్దేశంతో వచ్చిన తీర్పుకు ఏడాది తిరగకుండానే ఈ గతి పట్టింది.

ఇక రెండో ప్రశ్న, అమలు ఎందుకు ఆగిపోతోందన్నది. అధికారులు లంచం తింటారు కాబట్టి అన్నది అందరూ చెప్పే జవాబు. లంచం ఉంది, కాదనను. కానీ లంచం ఒక్కటే కారణమైతే, నిజాయితీగల అధికారి వచ్చిన చోట బెల్టు షాపులు మాయం కావాలి. అలా జరగడం లేదు. నేను గమనించినంతలో అసలు కారణం ఒక్కటే: బెల్టు షాపులోని సీసా దొంగ సరుకు కాదు. అది ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచి బయటికి వచ్చింది, దాని మీద హోలోగ్రామ్ లేబుల్ ఉంది, దాని సుంకం, పన్ను చివరి పైసా దాకా ఖజానాకు చేరిపోయాయి. నేరం జరిగేది ఆ తర్వాత. ఖజానాకు ఒక్క రూపాయి నష్టం లేని నేరాన్ని, పైగా ఖజానాకు రాబడి పెంచే నేరాన్ని, రాబడి తేవడమే ప్రధాన పనిగా ఉన్న శాఖ చేత పట్టించాలని మనం కోరుతున్నాం.

ఇది ఊహ కాదని లెక్కలే చెబుతాయి. తెలంగాణలో ఏ4 దుకాణాలు 2,620. గ్రామ పంచాయతీలు 12 వేలకు పైగా. అంటే పట్టణాల్లోని దుకాణాలను కలుపుకున్నా దాదాపు అయిదు ఊళ్లకు ఒక్క దుకాణమే. 2023లో ఈ దుకాణాల కోసం 1.32 లక్షల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తు రుసుము 2 లక్షలు, లాటరీలో రాకపోతే తిరిగి ఇవ్వరు. అలా దరఖాస్తుల మీదనే 2,600 కోట్లకు పైగా వసూలైంది. 2025లో ఆ రుసుము 3 లక్షలైంది. లాటరీ తగిలినవారు జనాభాను బట్టి ఏడాదికి 50 లక్షల నుంచి 1.1 కోట్ల దాకా రిటైల్ షాపు ఎక్సైజ్ పన్ను వాయిదాల్లో కట్టాలి. 5 వేల లోపు జనాభా ఉన్న చోట దుకాణానికి 50 లక్షలు. ఇప్పుడు చిన్న లెక్క వేసి చూడండి. అమ్మకంలో నూటికి 25 మిగులుతాయనుకున్నా, ఆ 50 లక్షలు రాబట్టుకోవడానికే 2 కోట్ల సరుకు అమ్మాలి. అద్దె, జీతాలు, వడ్డీ, దరఖాస్తులకు పోసిన డబ్బు ఆ పైన. ఎత్తిన సరుకు విలువ వార్షిక పన్నుకు పది రెట్లు అయ్యే దాకా పూర్తి మార్జిన్ (అమ్మకంలో దుకాణానికి మిగిలే వాటా) ఇచ్చి, ఆ తర్వాత తగ్గించే పద్ధతి ఉంది కనుక లైసెన్సుదారు కన్ను ఆ పది రెట్ల మీద, అంటే 5 కోట్ల మీద, ఉంటుంది. 5 వేల జనాభాకు 5 కోట్లంటే, చంటిబిడ్డను కూడా కలుపుకొని తలకు ఏటా 10 వేల రూపాయల మద్యం. ఆ ఊరి ఆడవాళ్లను, పిల్లలను, తాగనివారిని తీసివేస్తే తాగే మనిషి మీద పడేది దానికి ఎన్నో రెట్లు. ఏ ఒక్క ఊరూ అంత తాగలేదు. చుట్టుపక్కల ఊళ్లకు సరుకు పంపితే తప్ప ఆ దుకాణం నడవదు. లైసెన్సు ఇచ్చిన రోజునే బెల్టు షాపు అవసరం కూడా ఆ లైసెన్సులో ఇమిడిపోయి వస్తోంది. దరఖాస్తుదారుకు ఇది తెలుసు, రుసుము నిర్ణయించిన అధికారికీ తెలుసు.

అదే శాఖ ఖజానాకు గండి పడే చోట ఎంత చురుకుగా పని చేస్తుందో కూడా మీరు చూసే ఉంటారు. గోవా నుంచి, హరియాణా నుంచి, ఢిల్లీ నుంచి రైళ్లలోనూ కార్లలోనూ వచ్చే సీసాలను, సుంకం కట్టనివి కనుక, ఎన్‌డీపీఎల్ అని పేరు పెట్టి వెంటపడి పట్టుకుంటారు. విమానాశ్రయంలో, రైల్వే స్టేషన్లో, సరిహద్దు చెక్‌పోస్టులో ఫొటోలతో సహా పత్రికా ప్రకటనలు వస్తాయి. గుడుంబా మీద కూడా అంతే. ఊళ్లో నల్లబెల్లం, పటిక అమ్మకాల మీద నిఘా పెట్టి, బట్టీలు ధ్వంసం చేసి, 2015 తర్వాత తయారీదారుల కుటుంబాలకు రెండేసి లక్షల పునరావాస సాయం కూడా ఇచ్చారు. గుడుంబా ప్రాణం తీస్తుంది, దాన్ని అణచవలసిందే. ఆ పనిని నేను తక్కువ చేయడం లేదు. కానీ గుడుంబా తగ్గిన ఊరిలో ఆ ఖాళీని నింపింది డిపో నుంచి వచ్చిన క్వార్టర్ సీసాయే అన్నది మీ ఊరి వారిని అడిగితే చెబుతారు.

అమలు గట్టిగా జరిగే రెండు మినహాయింపులు చెప్పకపోతే అన్యాయమవుతుంది. ఒకటి, తాగి వాహనం నడపడం. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే, 2019 సవరణ తర్వాత, మొదటిసారి ఆరు నెలల దాకా జైలు లేదా 10 వేల జరిమానా లేదా రెండూ. హైదరాబాదులో పోలీసులు దీన్ని ఎంత గట్టిగా అమలు చేస్తారో ఆ నగరంలో రాత్రిపూట బండి నడిపిన ప్రతివారికీ తెలుసు. రెండోది, ఎన్నికలు. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 135సి సెక్షన్ ప్రకారం పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు ఆ ప్రాంతంలో మద్యం అమ్మకాలు బంద్. ఆ రోజుల్లో బెల్టు షాపుల పేర్లన్నీ ఎక్సైజ్ స్టేషన్లో జాబితాగా సిద్ధంగా ఉంటాయి; నిర్వాహకులను ముందే పిలిపించి తహసీల్దారు ఎదుట బైండోవర్ చేస్తారు, అంటే మళ్లీ అమ్మబోమని పూచీ రాయించుకుంటారు. ఎవరెవరు ఎక్కడెక్కడ అమ్ముతున్నారో శాఖకు తెలియదన్న మాట నిజం కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు. ఎన్నికల సంఘం అడిగితే బయటికి వచ్చే జాబితా, మీ సంఘం అడిగితే ఎందుకు రాదన్నదే మీరు వేయవలసిన ప్రశ్న.

డ్రై డేల సంగతి ఇందుకు విరుద్ధం. 2025లో దసరా, గాంధీ జయంతి రెండూ అక్టోబరు 2నే వచ్చాయి. లైసెన్సు దుకాణాలు మూతబడ్డాయి. ముందురోజు వాటి ముందు ఎలాంటి రద్దీ కనిపించిందో గుర్తుచేయనక్కరలేదు. దుకాణం మూసిన రోజే బెల్టు షాపుకు పండగ. ఆ ఒక్క రోజు ధర ఆ కొట్టువాడు చెప్పిందే. చట్టాన్ని పాటించే దుకాణాన్ని మూయించి, పాటించని దాన్ని తెరిచి ఉంచే పద్ధతిని అమలు అనలేము.

ఇప్పుడు మీ ఊరి ముసలమ్మ కేసు దగ్గరికి వస్తాను. ఇలాంటి కేసు ఫైళ్లు నేను చాలా చదివాను. అన్నీ ఒకే అచ్చు. విశ్వసనీయ సమాచారం మేరకు ఎస్సై గారు సిబ్బందితో, ఇద్దరు మధ్యవర్తులతో (పంచ సాక్షులతో) వెళ్లారని, ఇంటి ముందు ఒక స్త్రీ ప్లాస్టిక్ సంచితో కనిపించిందని, తమను చూసి పారిపోబోయిందని, సంచిలో 180 మిల్లీలీటర్ల సీసాలు కొన్ని ఉన్నాయని, ఒకటి రెండు నమూనాగా తీసి సీలు వేసి పరీక్షకు పంపామని పంచనామా ఉంటుంది. బ్రాండు పేరు రాస్తారు, సీసాల సంఖ్య రాస్తారు. హోలోగ్రామ్ లేబుల్ మీద ఉన్న వరుస సంఖ్య మాత్రం రాయరు. నిందితురాలిని 'ఎక్కడ కొన్నావు' అని అడిగితే, 'మండల కేంద్రంలోని వైన్స్‌లో' అని ఒక ముక్క ఉంటుంది, ఏ వైన్స్ అన్నది ఉండదు. ఆ లైసెన్సుదారు నిందితుడు కాడు, సాక్షి కూడా కాడు. నమూనా నివేదిక రావడానికి నెలలు పడుతుంది. వచ్చాక అందులో అది తాగదగిన మద్యమేనని ఉంటుంది, డిపో నుంచి వచ్చిన సరుకు కనుక అలాగే ఉండాలి. విచారణకు వచ్చేసరికి మధ్యవర్తులు తమచేత స్టేషన్లో సంతకం పెట్టించుకున్నారని చెబుతారు. కేసు కొట్టివేయబడుతుంది, లేదా అంతకుముందే రాజీ రుసుము కట్టించుకుని ముగిస్తారు. ఆ రుసుము బెల్టు షాపు ఖర్చుల్లో ఒక పద్దు. చాలా చోట్ల దాన్ని కట్టేది కూడా వెనక ఉన్నవారే.

నిందితుల తరఫున వాదించి ఇలాంటి కేసులు కొట్టివేయించిన వారిలో నేనూ ఉన్నాను. సాక్ష్యం లేని కేసులో ఆ ముసలమ్మకు శిక్ష పడకూడదన్నది ఇప్పటికీ నా అభిప్రాయం. నాకు బాధ కలిగించేది వేరు. డిపోలో స్కాన్ చేసి, ఏ సీసా ఏ దుకాణానికి వెళ్లిందో నమోదు చేసే ట్రాక్ అండ్ ట్రేస్ వ్యవస్థను ప్రభుత్వమే పెట్టుకుంది. పట్టుబడిన సీసా మీది లేబుల్‌ను చదివితే అది ఏ లైసెన్సుదారు ఎత్తిన సరుకో చెప్పగలగాలి. ఆ లేబుల్ నకిలీ మద్యాన్ని పట్టడానికి, సుంకం ఎగవేతను పట్టడానికి పనికివస్తోంది. బెల్టు షాపుకు సరుకు ఇచ్చిన దుకాణాన్ని పట్టడానికి మాత్రం ఎవరూ వాడడం లేదు. ఒక్కో మనిషి దగ్గర ఉండగల మద్యానికి పరిమితి ఉన్నప్పుడు, అట్టపెట్టెల లెక్కన ఒకే మనిషికి సరుకు అమ్మిన లైసెన్సుదారు కూడా నేరం చేసినట్టే. కానీ ఫైలులో ఆ పేరు ఎక్కదు.

ఊరి బాధ్యత గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అధికారులు మొదట దాన్నే మీకు చూపిస్తారు. తెలంగాణలోని కొన్ని జిల్లాల్లో గ్రామాభివృద్ధి కమిటీలే బెల్టు షాపు హక్కును వేలం పాడిస్తున్నాయి. ఎక్కువ పాడినవారు తప్ప ఇంకొకరు అమ్మకూడదన్నది ఒప్పందం, వచ్చిన డబ్బు గుడికో, ఊరి పనులకో అంటారు. ప్రభుత్వం పైన చేసే పనిని ఊరు కింద చేస్తోంది. ఆ వేలానికి చట్టంలో విలువ లేదు, అది నేరానికి సహకరించడమే. అలాగే కొన్ని ఊళ్లు ఎదురు దిశలో వెళ్లి, మద్యం అమ్మితే ఇంత జరిమానా అని తీర్మానించి వసూలు చేస్తున్నాయి. ఉద్దేశం మంచిదే అయినా ఆ జరిమానా వసూలుకు కూడా చట్టబద్ధత లేదు, అమ్మినవారు పోలీసులకు ఫిర్యాదు చేస్తే సంఘం వారే ఇరుక్కుంటారు. కమిటీ పెద్దలే బెల్టు షాపు వెనక ఉంటే మీ పోరాటం రెండు వైపులా జరగాలి, అది కష్టమైన సంగతే.

పూర్తిగా నిషేధిస్తే పోతుంది కదా అని మీ సంఘంలో కొందరు అంటున్నారని రాశారు. ఆ మాట అనే హక్కు ఈ నేల ఆడవాళ్లకు ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారాను నిషేధింపజేసింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తివేశారు. పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చిన దొంగ సరుకు, ఖజానాకు తగిలిన దెబ్బ ఇందుకు కారణాలుగా చెప్పారు. బీహార్‌లో 2016లో వచ్చిన నిషేధాన్ని చూడండి: అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు 2021 డిసెంబరులో విజయవాడలో ప్రసంగిస్తూ, ముందుచూపు లేకుండా చేసిన శాసనాలకు ఉదాహరణగా ఆ చట్టాన్ని ప్రస్తావించారు. దాని వల్ల అక్కడి హైకోర్టు బెయిలు దరఖాస్తులతో నిండిపోయింది. ఉన్న చట్టంలోని ఒక్క సెక్షన్‌ను అమలు చేయలేని యంత్రాంగం చేతికి ఇంకా పెద్ద చట్టాన్ని ఇస్తే, జైలుకు వెళ్లేది మళ్లీ ఆ ముసలమ్మలే అని నా భయం.

నిషేధం కంటే మనకు ఎక్కువ నేర్పేది ఆంధ్రప్రదేశ్ అనుభవం. అక్కడ 2019 అక్టోబరు 1 నుంచి చిల్లర దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. 4,380 ఉన్న దుకాణాలను 3,500కు, తర్వాత 2,934కు తగ్గించింది. 43 వేల బెల్టు షాపులను తొలగించామని ప్రకటించింది. రెండేళ్లలో పెట్టుబడి రాబట్టుకోవలసిన లైసెన్సుదారుకు ఉండే ఒత్తిడి జీతానికి పనిచేసే సేల్స్‌మన్‌కు ఉండదు. కనుక ఆ మార్పు సరైన చోటనే దెబ్బ కొట్టింది. అయితే ధరలు విపరీతంగా పెంచడంతో సరిహద్దు దాటి వచ్చే సీసాలు, నాటుసారా పెరిగాయి, వాటి కోసం 2020లో ప్రత్యేక ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరోనే పెట్టవలసి వచ్చింది. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు లైసెన్సులు, 3,396 దుకాణాలు వచ్చాయి. వాటితోపాటు బెల్టు షాపుల గొడవా తిరిగి వచ్చింది. బెల్టు షాపుకు సరుకు ఇచ్చినట్లు తేలితే ఆ దుకాణానికి మొదటిసారి 5 లక్షల జరిమానా, మళ్లీ జరిగితే లైసెన్సు రద్దు అని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. అది ఎంతవరకు అమలవుతుందన్నది వేరే విషయం. శిక్ష పడవలసింది ఎక్కడో ఆ ప్రకటన సరిగ్గా గుర్తించింది.

కాబట్టి మీ మూడో ప్రశ్నకు నా సలహా ఇది. ఊళ్లో అమ్మేవారి పేర్లతో ఇంకో ఫిర్యాదు ఇవ్వకండి. మీ ఊరికి సరుకు పంపుతున్న లైసెన్సు దుకాణం మీద ఫిర్యాదు ఇవ్వండి. అందుకు ఆధారం ఊళ్లోనే పడి ఉంటుంది. తాగి పారేసిన సీసాలను బడి ఆవరణలోంచి, చెరువు గట్టు మీదినుంచి ఏరి, మూత మీద చిరిగి మిగిలిన హోలోగ్రామ్ లేబుల్‌ను, సీసా మీది బ్యాచ్ సంఖ్యను ఫొటో తీయండి. ఏ రోజు ఎక్కడ దొరికిందో ఒక నోటు పుస్తకంలో రాయండి. బ్యాచ్ సంఖ్య ఒక్కటే సరిపోదు, ఒకే బ్యాచ్ ఎన్నో దుకాణాలకు వెళుతుంది. లేబుల్ మీది సంఖ్యే అసలు ఆధారం. రుజువు కోసమని నిండు సీసాలు కొని సంఘం దగ్గర దాచవద్దు, అది మీ మీదికే వస్తుంది. సరుకు దింపే ఆటో గానీ బైకు గానీ వచ్చే వేళ, దాని నంబరు కూడా అదే పుస్తకంలో ఉండాలి.

ఆ వివరాలతో జిల్లా ప్రొహిబిషన్, ఎక్సైజ్ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నకలును సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు ఇచ్చి రసీదు తీసుకోండి. అందులో కోరవలసింది దాడి కాదు. ఈ సంఖ్యలున్న సీసాలు డిపో నుంచి ఏ దుకాణానికి వెళ్లాయో చెప్పండి, ఆ లైసెన్సుదారు మీద తీసుకున్న చర్య తెలపండి అని అడగండి. దాంతోపాటు సమాచార హక్కు చట్టం కింద వేరుగా ఒక దరఖాస్తు పెట్టి, మీ మండలంలోని ఒక్కో ఏ4 దుకాణం గత రెండేళ్లలో నెలనెలా డిపో నుంచి ఎత్తిన సరుకు విలువ, మీ స్టేషన్ పరిధిలో నమోదైన 34(ఎ) కేసుల సంఖ్య, వాటిలో లైసెన్సుదారును నిందితుడిగా చేర్చిన కేసుల సంఖ్య అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలు ఉంది. దుకాణం ఉన్న ఊరి జనాభాను, అది ఎత్తిన సరుకును పక్కపక్కన పెట్టి చూపితే మిగిలిన సరుకు ఎక్కడ ఖర్చయిందో జవాబు చెప్పవలసింది శాఖే అవుతుంది. లేబుల్ సంఖ్యలు ఇచ్చినా విచారించకపోతే ఆ రసీదులతోనే హైకోర్టులో రిట్ వేయవచ్చు. వట్టి మాటగా బెల్టు షాపు ఉందంటే ఆపించామని ప్రమాణపత్రం దాఖలు చేసి ముగిస్తారు, సంఖ్యలుంటే అలా ముగించడం అంత తేలిక కాదు.

గ్రామసభలో తీర్మానం చేయండి, కానీ జరిమానా రాయకుండా, లైసెన్సు లేని అమ్మకం జరుగుతోందని గ్రామసభ గుర్తించిందనీ, చర్య తీసుకోవాలని ఎక్సైజ్ అధికారిని కోరుతోందనీ రాయించండి. మీది షెడ్యూల్డ్ (గిరిజన) ప్రాంతమైతే మీ బలం ఇంకా ఎక్కువ. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు సంబంధించిన 1996 నాటి పెసా చట్టం మద్యం అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం గ్రామసభకు, పంచాయతీలకు ఉండాలంటోంది కనుక, లైసెన్సు దుకాణం విషయంలో కూడా మీ మాట వినవలసి ఉంటుంది.

కల్లు గురించి చివర ఒక ప్రశ్న అడిగారు. చెట్టు కల్లుకు గీత కార్మికులకు విడిగా లైసెన్సులు ఉన్నాయి, దాన్ని ఈ ఫిర్యాదులో కలపవద్దు. కానీ మీ ఊళ్లో ఉన్న తాటి, ఈత చెట్లు ఇవ్వగలిగిన దానికంటే ఎన్నో రెట్లు కల్లు అమ్ముడవుతుంటే అది కల్తీ అని అనుమానించాలి. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయిన తర్వాత నమూనాల్లో ఆల్ప్రాజోలమ్ బయటపడింది. అందుకు ఎక్సైజ్ శాఖకు నమూనాలు తీయమని వేరే ఫిర్యాదు ఇవ్వండి. తాగడం మానిన రెండు రోజులకే మనిషికి వణుకు, మతిభ్రమణ, మూర్ఛ వస్తుంటే ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లండి, ఏ కల్లు తాగారో వైద్యుడికి దాచకుండా చెప్పండి.